మైకులో ఇచ్చిన స్థలం

"అబ్బే, వద్దండి దొరబాబు గారూ. మంచినీళ్ళు కూడా వద్దు."

"మంచినీళ్ళు కూడానా! అదేంటండి టీచరు గారూ, ఇంత ఎండన పడి వచ్చి? పాపాయీ! సూర్యకళ టీచరు గారొచ్చారు, మజ్జిగ పట్రా!"

"మజ్జిగా వద్దండి. స్థలం సంగతి చెప్పండి."

మే నెల, మిట్టమధ్యాహ్నం. కొవ్వూరుకి దిగువన కాలవగట్టు మీద ఊరు, ఆ ఊళ్ళో దొరబాబు గారి వసారా. సూర్యకళ ఈ మెట్లెక్కడం ఇది నాలుగోసారి. ముందు మూడుసార్లూ తెలుగు బడికి స్థలం అడగడానికే వచ్చింది, కడుపు పగిలేలా తిన్నది, కొబ్బరికాయల సంచీ మోసుకుంటూ ఇంటికి పోయింది. ఈ ఇంటి మర్యాద అలాంటిది మరి. నోట్లో ముద్ద పెట్టుకుని ఎవరు మాత్రం ఏం గట్టిగా అడగ్గలరు? అందుకని ఈసారి ఆవిడ దేవుడి పటం ముందు ఒట్టేసుకుని మరీ బయల్దేరింది, మాట తేలేదాకా ఈ ఇంట్లో పచ్చి గంగ కూడా ముట్టకూడదని. ఆ తరవాత ఏం మాట్లాడుకున్నారో మీరే వినండి.

"స్థలం ఎక్కడికి పోతుందండీ, తోటలో అలాగే ఉంది. ముందు కాళ్ళు కడుక్కోండి. మా ఆవిడ పాపాయి పనసపొట్టు కూర చేసింది, ఆవ పెట్టి."

"వాసన వస్తూనే ఉందండి. వద్దు."

"ముద్దపప్పు కూడా ఉందండోయ్."

"దొరబాబు గారూ."

"ఆయ్."

"మొదటిసారి వచ్చినప్పుడు పెసరట్టు, ఉప్మా పెట్టారు. రెండోసారి పులిహోర, గారెలు. మూడోసారి మా వీరాస్వామి మాస్టార్ని వెంటబెట్టుకొచ్చాను, పెద్దాయన కదా, గట్టిగా అడుగుతారని. ఆయనేం చేశారు? బొబ్బట్లు తిని ఇదిగో, ఈ బల్ల మీదే సాయంత్రందాకా నిద్రపోయారు."

"అలిసిపోయారండి పాపం. దిండు కూడా వేశాం."

"దిండెవరడిగారండీ! స్థలం అడిగాం!"

"మరేనండి. మరేనండి. స్థలమే అడిగారు. ఫ్యాను ఇటు తిప్పమంటారా?"

"జూన్ పన్నెండున బళ్ళు తెరుస్తారు. ఈ నెలాఖరుకి మేం చర్చి హాలు ఖాళీ చెయ్యాలి. ప్రేమ్ కుమార్ పాస్టరు గారు దేవుడిలాంటి మనిషి, ఇన్నాళ్ళూ పైసా అడక్కుండా ఇచ్చారు. ఇప్పుడు ఆ పాత హాలు పడగొట్టి వాళ్ళు కొత్త చర్చి కట్టుకుంటున్నారు, ఎలా కాదంటాం? దానికి ముందు రైసుమిల్లు గోడౌను. దానికి ముందు తుఫాను షెల్టరు. నల్లబల్లలు నెత్తిన పెట్టుకుని సర్కస్ కంపెనీలాగా ఊరంతా తిరుగుతున్నాం."

"అయ్యయ్యో."

"అయ్యయ్యో అంటే కాదండి. సొంత స్థలం చూపిస్తేనే ఈ ఏడు గుర్తింపు, లేకపోతే లేదన్నారు విద్యాశాఖ ఆఫీసులో."

"లేకపోతే ఏమవుతుందండీ?"

"ఏముందండి, బడి మూసేస్తాం. నలభైమంది పిల్లలూ పసుపు బస్సెక్కేసి తలో కాన్వెంటుకీ పోతారు."

"అసలు తెలుగు బడి మీద మీకంత పట్టేంటండీ? నేనంటం లేదు, ఊళ్ళో అంటున్నారు."

"చినబాబు గారి మనవణ్ణి చూశారా?"

"ఎందుకు చూళ్ళేదండీ! మొన్న ఈ వసారాలోనే కూర్చుని, వరదలప్పుడు గోదారి ఎందుకు ఎర్రగా వస్తుందో నాకు అరగంట చెప్పాడు. ఎక్కడి మట్టి ఎక్కడికొస్తుందో, ఒండ్రు ఎందుకు పడుతుందో. పుట్టినకాడ్నించీ గోదారి చూస్తున్నాను, నాకే తెలీదు!"

"వాడు కాన్వెంటులో రెండేళ్ళు నోరు విప్పలేదండి. మూగేమో అనుకుని డాక్టరుకి కూడా చూపించారు. మా దగ్గరికొచ్చిన నెలకి మొదలెట్టాడు, ఇప్పుడు ఆపమన్నా ఆపడు. అందుకండి నాకు పట్టు."

"బావుందండి. చాలా బావుంది. ఈ మాట మీద భోంచేద్దాం."

"నవంబర్లో మా వార్షికోత్సవం నాడు మీరు మైకులో ఏమన్నారు?"

"ఏమన్నానండీ?"

"గుర్తులేదూ?"

"శాలువా కప్పారు, అది గుర్తుంది. మంచి శాలువా."

"'తెలుగు బడికి కాలవగట్టు తోటలో స్థలం నేనిస్తున్నాను, ఇది నా మాట' అన్నారు. ఒకసారి కాదు, మూడుసార్లు. జనం చప్పట్లు కొట్టేకొద్దీ మళ్ళీ మళ్ళీ అన్నారు."

"చప్పట్లు మరీ ఎక్కువ కొట్టారండి ఆవేళ. అక్కడే వచ్చింది చిక్కు."

"ఏంటి చిక్కు?"

"చిక్కేం లేదండి. మూఢం."

"నవంబర్నించీ మూఢమేనా అండీ?"

"మూఢం పోయాక వాస్తు చూపించాలి కదండీ. ఆ స్థలానికి ఆగ్నేయం మూల కొంచెం..."

"సిద్ధాంతి గారిని నేనే తీసుకెళ్ళి చూపించాను. బ్రహ్మాండం అన్నారు."

"చూపించేశారా!"

"చూపించేశాను."

"పిల్లల నెత్తిన కొబ్బరికాయలు రాలతాయండి."

"చెట్లు లేని వైపే ఇవ్వండి. రోడ్డు పక్కనున్న ఖాళీ చాలు మాకు."

"పక్కనే కాలవండి. పసిపిల్లలు."

"గోడ కట్టుకుంటాం. ఇటుకలు ఒకరు, ఇసక ఒకరు తోలుతామన్నారు, తండ్రులే వచ్చి పని చేస్తామన్నారు. ఇంకేమన్నా ఉన్నాయా?"

"ఉండండి, ఆలోచించుకోనివ్వండి. వస్తాయి."

"ఇదిగో మజ్జిగ తెచ్చాను. తీసుకో అమ్మా, అల్లం, కరివేపాకు దంచి వేశాను."

"వద్దండి పాపాయమ్మ గారూ. ఏమీ అనుకోకండి."

"ఏం, ఒంట్లో బాలేదా?"

"బానే ఉందండి. ఒట్టేసుకుని వచ్చాను. స్థలం సంగతి తేలేదాకా మీ ఇంట్లో ఏమీ ముట్టనని."

"రామ రామ! విన్నావా పాపాయీ? మా తాతగారి రోజుల్నించీ ఈ గడప తొక్కి తినకుండా వెళ్ళినవాళ్ళు లేరండీ! జప్తుకొచ్చిన కోర్టు అమీనా కూడా భోంచేసే వెళ్ళాడు. మారు వడ్డించమన్నాడు కూడాను!"

"అమీనా తిన్నాడేమోనండి. నేను తినను."

"మీరు తినకపోతే నేనెలా తింటానండీ, ఇంటికొచ్చిన ఆడమనిషి ఎండిపోయి కూర్చుంటే?"

"మీరు తినండి. నేను చూస్తూ కూర్చుంటాను."

"చూస్తారా! పాపాయీ, చూస్తారుట! టీచరు గారూ, నాకు షుగరండి. టైముకి నాలుగు మెతుకులు పడకపోతే కళ్ళు తిరుగుతాయి."

"అయితే తొందరగా చెప్పేయండి."

"నువ్వైనా చెప్పవే పాపాయీ."

"నేనేం చెప్పనండీ? మైకులో మాట్లాడింది మీరు. మీరూ మీరూ మాట్లాడుకోండి. నేనిలా కూర్చుని పనసతొనలు ఒలుచుకుంటాను."

"సరే, నేనూ ఒకటి అడుగుతానండి టీచరు గారూ. తప్పుగా అనుకోకూడదు."

"అడగండి."

"మీ పాప ఉంది కదా, లాస్య. జూన్నించి ఏ బడికండీ?"

"లాస్యా? అది చిన్నదండి ఇంకా."

"ఐదేళ్ళు నిండినట్టున్నాయే. ఒకటో తరగతేగా?"

"నిండాయిలెండి. అసలు రిజిస్ట్రేషనంటే ముందు సర్వేయరు రావాలి. నేను మాట్లాడాను."

"అది కాదండి, పాప..."

"గురువారం ఖాళీగా ఉంటానన్నాడు సర్వేయరు. పొద్దున్నే వస్తాడుట."

"సర్వేయరు సరేనండి..."

"దొరబాబు గారూ, మాట మార్చకండి! ఇవ్వనంటే ఇవ్వనని చెప్పేయండి. లేచి వెళ్ళిపోతాను, ఇంకొకరి కాళ్ళు పట్టుకుంటాను."

"ఇవ్వనని ఎప్పుడన్నానండీ? ఇవ్వననే మాట నా నోటికి రాదు."

"అయితే ఇస్తారా?"

"ఇవ్వనండి బాబూ అని ఎలా అంటాను!"

"ఇస్తారా, ఇవ్వరా?"

"ఇవ్వడానికి నాదవ్వాలి కదండీ!"

"ఏంటీ?"

"ఏం లేదండి. షుగరు. తల తేలిపోతోంది."

"ఆ తోట మీది కాదా?"

"ఊరంతా దొరబాబు తోటనే అంటారండి."

"ఊరు సంగతి కాదు. దస్తావేజు ఎవరి పేరనుంది?"

"పాపాయీ, ఆ మజ్జిగ ఇలా ఇయ్యి."

"ఇవ్వను. ముందు టీచరమ్మకి చెప్పండి."

"ఇదిగో, దీనిదండీ. మా ఆవిడది. మా పెళ్ళిలో మా మావగారు పసుపు కుంకుమ కింద కూతురికి రాసిచ్చారు. కాయ దింపించేది నేను, తోలించేది నేను, గట్టు మీద గొడుగేసుకుని తిరిగేది నేను. అలా అలా జనం నోట్లో దొరబాబు తోట అయిపోయింది. మైకు చేతికొచ్చేసరికి నేను కూడా మర్చిపోయానండి! ఇంటికొచ్చి శాలువా మడతపెడుతుంటే గుర్తొచ్చింది."

"భగవంతుడా! మరి ఆర్నెల్లనించీ ఆవిణ్ణి అడగొచ్చు కదండీ?"

"ఏ మొహం పెట్టుకుని అడగమంటారు? ఊరందరి ముందూ దానం చేసేసి, ఇంటికొచ్చి 'ఇస్తావా' అనా? రోజూ అనుకుంటానండి, కాఫీ తాగి అడుగుదాం, భోంచేశాక అడుగుదాం అని. అది వడ్డిస్తుంటే నాకు నోరు పెగలదు."

"కట్టుకున్న మనిషిని అడగడానికి అంత భయమా! ఇంత మీసం ఉంచుకుని!"

"మీసానికేమండీ, అడగాల్సింది నేను కదా."

"పాపాయమ్మ గారూ, మీకీ సంగతి ముందే తెలుసా?"

"తెలీకేమమ్మా. ఆవేళ జ్వరమొచ్చి నేను ఇంట్లోనే పడుకున్నాను. మీ మైకు కాలవ అవతలదాకా వినపడింది. మూడుసార్లూ విన్నాను."

"మరి ఒక్క మాటా అనలేదేంటండీ?"

"అడుగుతారేమోనని చూశాను. ఈయన అడగలేదు. పోనీ మీరొచ్చారు, నా చేతి వంట తిన్నారు. గారెలు బావున్నాయన్నావు, పులిహోర బావుందన్నావు, ఈ తోట ఎవరిదమ్మా అని ఒక్కమాట అడిగావా? నా ముందే కూర్చుని నా స్థలం గురించి ఈయనతో మాట్లాడతారు, నేనేమో మంచినీళ్ళు అందిస్తూ ఉండాలి. మీ మాస్టారైతే నిద్ర లేచి నన్ను కాఫీ అడిగారు. నాకెంత ఒళ్ళు మండిందో తెలుసా?"

"తప్పైపోయిందమ్మా. నిజంగా తప్పైపోయింది. ఆడదాన్నై ఉండి నాకే తట్టలేదు చూడండి. ఇప్పుడు మిమ్మల్నే అడుగుతున్నాను. మీ తోటలో మా బడికి చోటిస్తారా?"

"పాపాయీ, నేను కూడా అడుగుతున్నానే. ఇస్తావా?"

"ఈ ముక్క నవంబర్లో అడిగుంటే ఈ పిల్ల ఈ ఎండలో నోరు కట్టుకుని కూర్చునేదా? మీ పరువు పోయేదా?"

"పోయేది కాదు. ఒప్పుకుంటున్నాను."

"నాకిష్టమేనమ్మా. పొద్దున్నే మీ పిల్లలు రెండు రెళ్ళు నాలుగని ఎక్కాలు చదువుతుంటే చర్చి హాల్లోంచి మా పెరట్లోకి వినపడుతుంది. అంట్లు తోముకుంటూ నేనూ వాళ్ళతో కలిసి అంటాను. సెలవులిస్తే నాకసలు తోచదు. నా తోటలోకే వచ్చి చదువుతామంటే నేనెందుకు కాదంటాను?"

"అమ్మా! అయితే ఇచ్చినట్టేనా?"

"ఆగాగు. నేనడగాల్సింది కూడా ఒకటుంది. ఇందాక ఈయనొకటి అడిగితే నువ్వు సర్వేయర్ని అడ్డం పెట్టావు."

"ఏదండీ?"

"ఏదో నీకు తెలుసు. మొన్న జాకెట్లకని వెంకన్న కుట్టుమిషన్ కొట్టుకి వెళ్ళాను. మిషన్ మీద ఎర్రగళ్ళ గౌనుంది, బుల్లి గౌను, ముద్దుగా ఉంది. ఎవరిదయ్యా అంటే, 'టీచరు గారమ్మాయిదండి, కాన్వెంటులో వేస్తున్నారుట' అన్నాడు."

"అది... మా ఆయన పట్టండి. ఆయనే వెళ్ళి సీటు మాట్లాడేశారు."

"నీకు ఇష్టం లేదా?"

"నాకూ... ఏం చెప్పమంటారమ్మా. నాకూ భయమే. రేపది పెద్దదై, 'అందరి పిల్లలూ ఇంగ్లీషులో చదువుకుంటుంటే నన్నొక్కదాన్నీ ఎందుకిలా చేశావమ్మా' అంటే నేనేం చెప్పను? పగలంతా తల్లులకి ధైర్యం చెప్తాను. మీ పిల్లలకేం కాదు, పూచీ నాదంటాను. ఇంటికొచ్చి నా పిల్లని చూస్తే ఆ ధైర్యం ఎక్కడికి పోతుందో!"

"మరి ఆ తల్లులకి లేదా భయం?"

"ఉంటుందండి."

"ఉన్నా పంపిస్తున్నారు, ఎవర్ని చూసి? నిన్ను చూసి. జూన్లో నీ పిల్ల ఎర్రగళ్ళ గౌనేసుకుని పసుపు బస్సెక్కిందనుకో. మర్నాడు ఆ బస్సు నిండిపోతుంది. అప్పుడు నా తోటలో ఎవరికి కడతావమ్మా బడి, ఉడతలకా?"

"ఇదే అడగబోయానండీ నేను. సర్వేయరు అడ్డొచ్చాడు."

"మీరు ఊరుకోండి, మీ సంగతి తరవాత. ఇదిగో అమ్మాయ్, నేను మైకులో చెప్పను గానీ ఒక్కసారే చెప్తాను. నీ పిల్ల ఏ బడికి వెళ్తే నా స్థలం ఆ బడికి. కాన్వెంటుకి వెళ్తే కాన్వెంటు వాళ్ళకే ఇచ్చేస్తాను. వాళ్ళూ అడిగారు."

"అడిగారా! మిమ్మల్నా?"

"నన్నెవరడుగుతారు? ఈయన్నే."

"ఆయ్. అడిగారండి. వాళ్ళకీ భోజనం పెట్టి పంపించేశాను."

"అమ్మా, లాస్య మా బడికే వస్తే?"

"గురువారం నీ సర్వేయర్ని రమ్మను. కొలిచాక నేనే కొవ్వూరు వచ్చి రిజిస్ట్రారాఫీసులో సంతకం పెడతాను. ఈయన్ని గొడుగు పట్టుకోడానికి తీసుకొస్తాను."

"చాలా... చాలా మంచి మాటన్నారమ్మా. ఒక్కసారి మా ఆయన్ని అడిగి చెప్తాను."

"హహ్హహ్హ! విన్నావా పాపాయీ! మా ఆయన్ని అడగాలిట! ఇంతసేపూ నా మీసం పీకినంత పని చేశారు కదండీ, ఇప్పుడేమైంది?"

"నవ్వకండి దొరబాబు గారూ. మా ఇంట్లో సంగతి మీకు తెలీదు. మా బావగారి పిల్లలిద్దరూ ఆ కాన్వెంటులోనే చదువుతున్నారు. మాటలు పడలేక ఆయన..."

"ఈయన నవ్వు సంగతి అలా ఉంచి, నువ్వు చెప్పు. ఎప్పుడడుగుతావు?"

"సాయంత్రం ఇంటికొస్తారు కదండీ. భోంచేశాక, నెమ్మదిగా..."

"భోంచేశాక! అచ్చం నా మాటేనండి! ఇలా ఆర్నెల్లు పోతుంది, రాసుకోండి."

"ఎందుకమ్మా సాయంత్రందాకా? చేతిలో ఫోనుంది కదా."

"ఇప్పుడా?"

"నాకేం తొందర లేదు. ఈయనే ఆకలికి తూలిపోతున్నారు."

సూర్యకళ పమిటతో మొహం తుడుచుకుని ఫోను నొక్కింది. అవతల భర్త గంగాధర్ ఏమన్నాడో వసారాలో ఎవరికీ వినపడలేదు. ఇవతలి మాటలు మటుకు లోపలి గదుల్లోకి కూడా వినపడ్డాయి.

"ఏవండీ, నేనే. దొరబాబు గారింట్లోనే ఉన్నాను."

"..."

"దొరికిందండి. కాలవగట్టు తోటలోనే. అవును, నిజంగానే. కాదు, ఆయన కాదు, పాపాయమ్మ గారిస్తున్నారు. ఇంటికొచ్చి చెప్తాను."

"..."

"ఆగండి, పెట్టేయకండి. ఇంకో సంగతి. లాస్య కాన్వెంటుకి వెళ్ళదు. మా బడికే వస్తుంది."

"..."

"తెలుసండి, సీటు మీరెంత కష్టపడి సంపాదించారో నాకు తెలుసు. వద్దని నేనే వెళ్ళి చెప్తాను, మీరు మొహం చూపించక్కర్లేదు. వెంకన్నకి కూడా నేనే చెప్తాను."

"..."

"బావగారు నవ్వితే నవ్వనివ్వండి. ఎన్నాళ్ళు నవ్వుతారు?"

"..."

"భయం నాకు లేదనుకున్నారా? మీకంటే ఎక్కువే ఉంది."

"..."

"లేదండీ, మిమ్మల్ని అడగడానికి ఫోను చెయ్యలేదు. చెప్పడానికి చేశాను."